నాన్న మెడ స్కాన్‌లో 1.2 మి.మీ. అని వచ్చింది, మతిమరుపు వస్తుందా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది పాలకొల్లు. నేను పెళ్ళయి హైదరాబాదులో ఉంటున్నాను, వయసు 41. నాన్నకు 68. నలభై ఏళ్ళుగా కిరాణా కొట్టు నడుపుతున్నారు. పన్నెండేళ్ళుగా బీపీ ఉంది. షుగర్‌కి తొమ్మిదేళ్ళుగా మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారు. బీపీ బిళ్ళ మాత్రం తల తిరిగినట్టు అనిపిస్తేనే వేసుకుంటారు. సిగరెట్ మానేసి ఐదేళ్ళయింది. మేము శాకాహారులం. ఎనిమిది నెలలుగా ఆయనలో మార్పు కనిపిస్తోంది. ఇరవై సరుకుల లిస్టు నోటితోనే కూడి చెప్పే మనిషి, ఇప్పుడు కాలిక్యులేటర్ మీద రెండుసార్లు వేసుకుంటున్నారు. ఇద్దరు ఒకేసారి సరుకులు అడిగితే విసుక్కుంటున్నారు. రాత్రి చిట్టా రాయడానికి అరగంట పట్టేది, ఇప్పుడు గంటన్నర పడుతోంది. ఏం చెప్పినా "ఏంటీ?" అని రెండోసారి అడుగుతారు. గురక కూడా బాగా పెరిగిందని అమ్మ చెబుతోంది. మనుషులు, పేర్లు, బాకీలు మాత్రం బాగానే గుర్తున్నాయి. మొన్న హైదరాబాదు వచ్చినప్పుడు హెల్త్ చెకప్ ప్యాకేజీ చేయిస్తే అందులో మెడ డాప్లర్ కూడా తీశారు. గోడ మందం కుడివైపు 1.1, ఎడమవైపు 1.2 మిల్లీమీటర్లు, ఎడమవైపు చిన్న ప్లేక్, పూడిక 30 శాతం లోపు అని రాశారు. "మెదడుకి రక్తం సరిగా అందట్లేదు, డిమెన్షియా వచ్చే ఛాన్స్ ఉంది" అని అక్కడివాళ్ళు అన్నారు. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. అన్నయ్య డల్లాస్ నుంచి రోజూ ఫోన్ చేసి స్టెంట్ వేయించమంటున్నాడు. అమ్మ వెల్లుల్లి, నిమ్మరసం కషాయం మొదలుపెట్టింది. మందం తగ్గే మందు ఉందా? కొట్టు మూయించేయాలా? నేను కూడా ఈ స్కాన్ చేయించుకోవాలా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు రాసిన రిపోర్టు ప్రకారం మీ నాన్నగారికి స్టెంట్ అక్కర్లేదు, ఆపరేషనూ అక్కర్లేదు. ఆ సంగతి ఈ రాత్రికే మీ అన్నయ్యకి చెప్పేయండి. అలాగని రిపోర్టును బీరువాలో పెట్టి మర్చిపోవద్దు. అందులో మీకు పనికొచ్చే కబురు ఒకటి ఉంది, కాకపోతే అక్కడివాళ్ళు చెప్పింది అది కాదు.

ముందు ఆ 1.2 అంటే ఏమిటో చెబుతాను. దవడ కింద, గొంతుకు రెండు పక్కలా వేలు ఆనిస్తే కొట్టుకుంటూ తెలిసే నాళాలే కెరోటిడ్ ధమనులు. మెదడుకు చేరే రక్తంలో ఎక్కువ భాగం వీటి గుండానే వెళ్తుంది. మన బరువులో మెదడు వాటా 2 శాతమే గాని, ఒళ్ళంతా వాడుకునే ఆక్సిజన్‌లో సుమారు ఐదో వంతు అదే తీసుకుంటుంది. స్కాన్ చేసేటప్పుడు తెర మీద ఈ నాళం గోడ రెండు తెల్ల గీతల్లా కనిపిస్తుంది, మధ్యలో సన్నటి నల్ల చార ఉంటుంది. ఆ గీతల మధ్య దూరమే మీ రిపోర్టులో రాసిన మందం. గోడలోని లోపలి పొర, మధ్య పొర కలిపిన కొలత అది. దాన్ని ఇలా అల్ట్రాసౌండ్‌తో కొలవచ్చని 1986లో ఇటలీలో పిగ్నోలి బృందం చూపించింది. అప్పటినుంచి ప్రపంచమంతటా లక్షల మెడలను కొలిచారు.

వయసు పెరిగేకొద్దీ ఈ గోడ అందరికీ మందమవుతుంది, ఏడాదికి సుమారు మిల్లీమీటరులో వందో వంతు చొప్పున. 0.9 దాటితే బీపీ ఆ నాళం మీద తన గుర్తు వేసిందని యూరప్ వైద్య సంఘాలు ఒక లెక్క పెట్టుకున్నాయి. పెద్దవయసులో ఆ గీతను కాస్త సడలించి చూడాలి, అయినా 1.2 ఎక్కువే. కానీ కుడివైపు కన్నా ఎడమవైపు ఎక్కువ ఉందని టెన్షన్ పడకండి. 0.1 మిల్లీమీటరు అంటే మీ నాన్నగారి చిట్టా పుస్తకంలో ఒక్క కాగితం మందం. స్కాన్ చేసే చేయి మారినా, మెడ కాస్త అటూ ఇటూ తిప్పినా ఆ పాటి తేడా వచ్చేస్తుంది. ఆరు నెలలకోసారి మళ్ళీ మళ్ళీ ఈ కొలత తీయించి, పెరిగిందా తగ్గిందా అని చూసుకోవడం వల్ల ఒక మనిషికి ఒరిగేదేమీ లేదు.

"మెదడుకి రక్తం అందట్లేదు" అన్న మాట ఈ రిపోర్టుకు అతకదు. గోడ మందం వేరు, దారి పూడిపోవడం వేరు. మీది గోదావరి కాలవల ఊరు కాబట్టి మీకు చెప్పడం తేలిక. కాలవ ఒడ్డున కాస్త ఒండ్రు చేరినంత మాత్రాన చివరి పొలానికి నీళ్ళు ఆగిపోవు. నాళంలో దారి 70 శాతం, ఆ పైన మూసుకుపోతే తప్ప సాధారణంగా ప్రవాహం చెప్పుకోదగ్గంత తగ్గదు. అప్పుడు కూడా మెదడు అడుగున మెడలోని నాలుగు నాళాలూ ఒక వలయంలా కలిసి ఉంటాయి, ఒక వైపు తగ్గితే ఇంకో వైపు నుంచి మళ్ళించుకునే వీలు చాలామందికి ఉంటుంది. మీ నాన్నగారి పూడిక 30 శాతం లోపు. ఆయన మెదడుకు రక్తం వెళ్తోంది.

మరి మెడ నాళానికీ మతిమరుపుకీ సంబంధమే లేదా అంటే, ఉంది. దాన్ని దాచి మీకు ధైర్యం చెప్పను. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 1990 నుంచి ఒక పేట జనాన్ని ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. మెడ నాళాల గోడ బాగా మందంగా ఉన్నవాళ్ళలో తర్వాతి కాలంలో డిమెన్షియా ఎక్కువగా కనిపించింది. అమెరికాలో బాల్టిమోర్ అధ్యయనం వాళ్ళు 2009లో ఇలాంటి మాటే చెప్పారు. మొదట్లో గోడ మందంగా ఉన్నవాళ్ళకు ఆ తర్వాతి ఏళ్ళలో జ్ఞాపకశక్తి పరీక్షల మార్కులు త్వరగా పడిపోయాయి. ఇవన్నీ వేల మంది సగటు లెక్కలు. గోడ మందంగా ఉండి కూడా ఎనభై ఏళ్ళ దాకా చురుగ్గా ఉన్నవాళ్ళు ఆ గుంపుల్లోనే బోలెడంత మంది ఉన్నారు. ఒక మనిషిని కూర్చోబెట్టి, నీకు 1.2 ఉంది కాబట్టి నీకు జబ్బు వస్తుంది అని చెప్పడానికి ఆ కొలత సరిపోదు.

ఈ సంబంధం ఎలా ఏర్పడుతుందన్నది నాకు చాలా ముఖ్యంగా అనిపించే సంగతి, అందుకని కాస్త ఆగి చెబుతాను. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొగ ఏళ్ళ తరబడి చేసిన పని మెడ నాళం మీద మనకు కనిపిస్తుంది. అవే, అదే కాలంలో, మెదడు లోపలి వెంట్రుకల్లాంటి నాళాల మీద కూడా పని చేసి ఉంటాయి. వాటిని మెడ స్కాన్‌లో చూడలేం. ఇంటి ముందు గోడకు చెమ్మ కనిపిస్తే లోపలి గదుల గోడలు కూడా ఒకసారి చూసుకుంటాం కదా, అలాంటిదే ఇది. దీనికి తోడు ఇంకొకటి జరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న నాళం గుండె కొట్టిన ప్రతి దెబ్బకూ కాస్త సాగి, ఆ ఊపును తనలోనే కొంత మింగేస్తుంది. బిరుసెక్కిన నాళం సాగదు. ఆ దెబ్బ నేరుగా మెదడులోని చిన్న నాళాలకు తగులుతుంది. రోజుకు సుమారు లక్ష దెబ్బలు, ఇరవై ఏళ్ళ పాటు. మెదడులో ఒక చోటి నుంచి ఇంకో చోటికి కబుర్లు మోసే తీగల కట్టలు, అంటే తెల్ల పదార్థం, ముందుగా అక్కడే దెబ్బ తింటుంది. తీగ దెబ్బతింటే జ్ఞాపకం చెరిగిపోకపోవచ్చు గాని కబురు నిదానంగా చేరుతుంది. లెక్క ఆలస్యమవుతుంది, రెండు పనులు ఒకేసారి పట్టవు, మనిషికి విసుగొస్తుంది. ప్లేక్ అంటే నాళం గోడలో పేరుకున్న కొవ్వు ముద్ద; దాని నుంచి చిన్న ముక్కలు ఊడి పైకి వెళ్ళి, మనకు తెలియకుండానే అక్కడక్కడ చిన్న చిన్న పక్షవాతం మచ్చలు పెట్టడమూ కొందరిలో జరుగుతుంది.

దారి బాగా మూసుకుపోయినవాళ్ళ విషయంలో 2004లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. కుడిచేతి వాటం ఉన్నవాళ్ళను తీసుకుని ఎడమ నాళం, కుడి నాళం విడివిడిగా చూశారు. ఎడమవైపు 75 శాతం, ఆ పైన పూడిక ఉన్నవాళ్ళలో ఆలోచనాశక్తి తగ్గడం ఎక్కువగా కనిపించింది, కుడివైపు పూడికను లెక్కలోకి తీసుకున్నాక కూడా. బీపీ, షుగర్ల పని రెండు వైపులా సమానంగానే ఉంటుంది కాబట్టి, ఆ స్థాయి పూడిక తనంతట తానే హాని చేస్తుందని అనుకోవడానికి ఇది ఆధారం. మీ నాన్నగారి ప్లేక్ కూడా ఎడమవైపే గనక ఇంటర్నెట్‌లో ఇది చదివి మీరు బెంగపడతారని ముందే చెబుతున్నాను. అక్కడ 75, మీకు 30 లోపు. రెండూ ఒకటి కావు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి స్కాన్ రిపోర్టు, రెండోది కొట్టులో ఆయన పడుతున్న ఇబ్బంది. మీరు మొదటిదాన్ని రెండోదానికి కారణంగా కట్టేశారు. ఆ ముడి విప్పమనే నేను మిమ్మల్ని గట్టిగా అడుగుతున్నాను.

నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక పెద్దాయన వచ్చారు. మతిమరుపు, నెమ్మది, ఎప్పుడూ మగత. మెడ స్కాన్‌లో పూడిక కనిపించింది. నాకు కారణం దొరికిందనుకుని, ఇంకేమీ వెతకలేదు. ఏడాది తర్వాత మా సీనియర్ ఒకాయన థైరాయిడ్ పరీక్ష రాస్తే అది బాగా పడిపోయి ఉంది. బిళ్ళ మొదలుపెట్టిన మూడు నెలల్లో ఆయన తన పెన్షన్ లెక్కలు తానే చూసుకోవడం మొదలుపెట్టారు. ఆయన పోగొట్టుకున్న ఏడాది నా వల్ల పోయింది. ఆ తర్వాత ఏ రిపోర్టు చేతికిచ్చినా, ఇది కాక ఇంకేముంది అని అడగకుండా ఏ మనిషినీ పంపలేదు.

మీ నాన్నగారి విషయంలో నాకు మొదట అనుమానం వచ్చేది బి12. శాకాహారం, దాని మీద తొమ్మిదేళ్ళ మెట్‌ఫార్మిన్. మెట్‌ఫార్మిన్ పేగుల్లో బి12 ఒంటబట్టడాన్ని తగ్గిస్తుంది. బి12 తగ్గితే ఆలోచన నెమ్మదిస్తుంది, చిరాకు వస్తుంది, కాళ్ళు తిమ్మిర్లెక్కుతాయి. ఒక్క రక్తపరీక్షతో తెలిసిపోతుంది, తక్కువుంటే ఇంజెక్షన్లతోనో బిళ్ళలతోనో సరిచేయవచ్చు, ఎంత త్వరగా సరిచేస్తే అంత మంచిది. అలాగని మీరే మెట్‌ఫార్మిన్ ఆపేయకండి. దానితోపాటు థైరాయిడ్, రక్తం శాతం, మూడు నెలల షుగర్, కిడ్నీ, సోడియం చూడాలి.

"ఏంటీ?" అని రెండోసారి అడుగుతున్నారని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన వాక్యం అది. ఆయనకు వినపడట్లేదేమో! మూడు మాటల్లో ఒకటి జారిపోతుంటే ఇద్దరు ఒకేసారి అడిగినప్పుడు ఎవరికైనా విసుగొస్తుంది. వినికిడి తగ్గడం డిమెన్షియాకు దారితీసే, మనం సరిచేసుకోగల కారణాల్లో ముఖ్యమైనదని లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల బృందం చెబుతూ వస్తోంది. 2023లో అమెరికాలో వచ్చిన ఒక పరీక్ష ఫలితం మీకు బాగా సరిపోతుంది. వినికిడి మిషన్లు పెట్టినవాళ్ళందరిలో కలిపి చూస్తే మూడేళ్ళలో తేడా కనిపించలేదు. కానీ ఎరిక్ అనే పాత గుండె అధ్యయనం నుంచి వచ్చినవాళ్ళు, అంటే వయసు, బీపీ, షుగర్ లాంటి ముప్పు ఎక్కువ ఉన్నవాళ్ళలో మాత్రం ఆలోచనాశక్తి తగ్గే వేగం దాదాపు సగానికి పడింది. 1987 నుంచి వేలాది మంది మెడ నాళాలు కొలుస్తూ వచ్చిన అధ్యయనం కూడా అదే. చెవి డాక్టరు దగ్గర ముందు గుబిలి ఉందేమో చూపించి, తర్వాత వినికిడి పరీక్ష చేయించండి.

గురక సంగతి కూడా వదలకండి. గురక పెడుతూ మధ్యలో కాసేపు ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్ళీ తీసుకుంటున్నారా అని మీ అమ్మగారిని ఒక రాత్రి గమనించమనండి. అదే అయితే నిద్ర చాలక పగలు బుర్ర మొద్దుబారుతుంది, బీపీ కూడా మాట వినదు. నిద్ర కోసం, ఎలర్జీ కోసం మందుల షాపులో అడిగి తెచ్చుకునే బిళ్ళలేమైనా ఉన్నాయా చూడండి. పెద్దవాళ్ళలో అవి జ్ఞాపకశక్తిని బాగా మసకబరుస్తాయి. ఉంటే డాక్టరుకు చూపించండి, నిద్రబిళ్ళను ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. దిగులుగా ఉంటున్నారా, కొట్టు మీద ఆసక్తి తగ్గిందా అన్నది కూడా ఆయనతో మెల్లగా మాట్లాడి తెలుసుకోండి.

ఇవన్నీ చూస్తూనే ఆయన ఆలోచనాశక్తిని విడిగా పరీక్ష చేయించాలి. న్యూరాలజీ డాక్టరు దగ్గరో, జ్ఞాపకశక్తి క్లినిక్‌లోనో తెలుగులోనే ఈ పరీక్షలు ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి తయారు చేయించిన పరీక్షల సెట్టులో తెలుగు కూడా ఒకటి. ఒక చిన్న హెచ్చరిక. మామూలుగా 100లోంచి 7 తీసేసుకుంటూ పొమ్మని అడుగుతారు. నలభై ఏళ్ళు చిల్లర ఇచ్చిన మనిషి అది నిద్రలో కూడా చేసేస్తారు. ఆ ఒక్కదాంట్లో మార్కులు వచ్చాయని "బాగానే ఉన్నారు" అనిపించుకుని వచ్చేయకండి. అంకె తర్వాత అక్షరం, మళ్ళీ అంకె, ఇలా మార్చి మార్చి కలపమనేవి, ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చూసేవి, గడియారం బొమ్మ గీయించేవి కూడా చేయించమని అడగండి. నాళాల వల్ల వచ్చే నెమ్మది అక్కడే ముందు బయటపడుతుంది. ఎమ్మారై అవసరమా అన్నది ఆ తర్వాత డాక్టరు చెబుతారు. అవసరమైతే, మెదడు లోపలి చిన్న నాళాల పరిస్థితి మెడ స్కాన్ కన్నా అందులో ఎంతో నేరుగా కనిపిస్తుంది.

ఇక బీపీ. తల తిరిగితేనే బిళ్ళ వేసుకుంటారని చదివినప్పుడు నిజంగా మనసు కలుక్కుమంది. బీపీ ఎంత ఉన్నా చాలామందికి ఒంట్లో ఏ తేడా తెలియదు. తెలియని ఆ పన్నెండేళ్ళే 1.2 అయి రిపోర్టులోకి వచ్చాయి. ఇప్పటికీ మన చేతిలో ఉన్నది ఇదే, అన్నిటికన్నా బాగా పనిచేసేదీ ఇదే. అమెరికాలో స్ప్రింట్ అనే పరీక్షలో 9 వేల మందికి పైగా 50 దాటినవాళ్ళను రెండు గుంపులు చేశారు. ఒక గుంపులో పై బీపీని 140 లోపు, ఇంకో గుంపులో 120 లోపు ఉంచడానికి ప్రయత్నించారు. 2019లో వచ్చిన ఫలితాల్లో, గట్టిగా అదుపు చేసినవాళ్ళలో స్వల్పస్థాయి జ్ఞాపకశక్తి లోపం 19 శాతం తగ్గింది. డిమెన్షియా విషయంలో తగ్గుదల కనిపించినా అది కచ్చితమని చెప్పేంత బలంగా రాలేదు. షుగర్ ఉన్నవాళ్ళను ఆ పరీక్షలో తీసుకోలేదు కాబట్టి 120 అనే అంకెను మీ నాన్నగారికి అంటగట్టకండి. చాలామంది డాక్టర్లు ఆయన లాంటివాళ్ళకు 130/80 దగ్గర ఉంచాలని చూస్తారు. నిలబడినప్పుడు బీపీ పడిపోతోందా అన్నది కూడా చూడాలి, లేకపోతే తూలి పడతారు. మానేసిన బిళ్ళను ఇంట్లో మీరే మొదలుపెట్టకుండా, ఈ వారంలోనే డాక్టరుకు చూపించి మొదలుపెట్టించండి.

ఇంట్లో చేతికి పట్టీ కట్టే మిషన్ ఒకటి కొనండి. కొట్టు తెరిచే ముందు, బిళ్ళ వేసుకోకముందు, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, పాదాలు నేల మీద ఉంచి, చెయ్యి బల్ల మీద పెట్టి ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసుకోవాలి. సాయంత్రం మళ్ళీ అంతే. చొక్కా చెయ్యి మీద పట్టీ కట్టకూడదు, అరగంట ముందు కాఫీ తాగకూడదు. ఏడు రోజులు రాయాలి. ఆ రాత ఆయన చేతనే, ఆయన చిట్టా పుస్తకంలోనే రాయించండి. మీరు ఫోన్ యాప్‌లో ఎక్కించుకుంటే అది మీ లెక్క అవుతుంది. ఆయన పుస్తకంలో ఆయన అక్షరాలతో ఉంటే బిళ్ళ వేసుకోని రోజు అంకె ఎలా ఉందో ఆయనే చూస్తారు. ఎవరూ చెప్పక్కర్లేదు.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక చిన్న చెంచా. కూరలో కాస్త తగ్గించి, మజ్జిగలో మళ్ళీ వేసుకుని, పెరుగన్నంలో ఊరగాయ ముక్క నంజుకుంటే లెక్క అక్కడే తప్పుతుంది. మజ్జిగలో ఉప్పు మానడంతో మొదలుపెట్టండి, నోరు రెండు మూడు వారాల్లో అలవాటు పడుతుంది.

గోడ మందం తగ్గే మందు ఉందా అని అడిగారు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ బిళ్ళలు ఆ పెరుగుదలను కొంత నెమ్మదింపజేస్తాయి. కానీ మనం ఆ బిళ్ళ ఇచ్చేది మందం కోసం కాదు, గుండెపోటు, పక్షవాతం రాకుండా. షుగర్ ఉండి, ప్లేక్ కూడా ఉన్న 68 ఏళ్ళ మనిషికి అది అవసరమే. ఆయన వాడుతున్నారో లేదో మీరు రాయలేదు, అడగండి. వేల మందితో చేసిన పెద్ద పరీక్షల్లో స్టాటిన్లు డిమెన్షియాను ఆపినట్టు తేలలేదు, జ్ఞాపకశక్తిని చెడగొట్టినట్టూ తేలలేదు. ఆస్ప్రిన్ మాత్రం పక్కింటివాళ్ళు చెప్పారని మొదలుపెట్టకండి. 19 వేల మందికి పైగా పెద్దవాళ్ళ మీద ఆస్ట్రేలియా, అమెరికాల్లో చేసిన పరీక్షలో, అంతకుముందు గుండెజబ్బు, పక్షవాతం లేనివాళ్ళకు రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్ప్రిన్ డిమెన్షియా రాకుండా ఆపలేదు, రక్తస్రావం మాత్రం పెంచింది. ప్లేక్ చూసి ఆయనకు ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయం.

వెల్లుల్లి, నిమ్మరసం కషాయం నాళంలో పేరుకున్నదాన్ని కరిగించదు. మీ అమ్మగారు ప్రేమతో కాస్తున్నారు, ఆవిడను తప్పుపట్టకండి. కషాయం తాగుతున్నాం కదా అని బిళ్ళ మానకుండా చూసుకుంటే చాలు.

కొట్టు మూయించకండి. ఈ మాట డాక్టరుగానే కాదు, పెద్దవయసు మనుషులను రోజూ చూసేవాడిగా చెబుతున్నాను. ఆ కొట్టులో ఆయన రోజూ వంద మందితో మాట్లాడతారు, లెక్క కడతారు, బేరమాడతారు, నిలబడతారు, వంగి లేస్తారు. ఎవరు ఏ ఫీజు తీసుకుని ఇలాంటి వ్యాయామం ఇస్తారు? 2015లో ఫిన్లాండ్ వాళ్ళు 60 నుంచి 77 ఏళ్ళ మధ్య 1,260 మందితో చేసిన ఫింగర్ పరీక్షలో తిండి, వ్యాయామం, మెదడుకు పని, బీపీ, షుగర్ల మీద కన్ను, ఈ నాలుగూ కలిపి రెండేళ్ళు నడిపితే ఆలోచనాశక్తి మెరుగ్గా నిలిచింది. మన దగ్గరే, హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ఒక విషయం చెప్పింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు ఒకే భాష మాట్లాడేవాళ్ళ కన్నా నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా జబ్బు బయటపడిందట, చదువు రానివాళ్ళలో కూడా. జీవితమంతా పనిలో ఉన్న బుర్ర, లోపల దెబ్బ తగిలినా చాలాకాలం నెట్టుకొస్తుందని ఆ ఫలితాన్ని చాలామంది అర్థం చేసుకుంటారు. ఆయనకు ఇంకో భాష నేర్పించమని కాదు. ఉన్న పని లాక్కోవద్దనే నా మనవి. రద్దీ ఉండే సాయంత్రం రెండు గంటలకు ఒక కుర్రాణ్ణి సాయం పెట్టండి, చిట్టా పగటిపూటే రాసుకునే ఏర్పాటు చేయండి. డబ్బు పెద్దమొత్తంలో చేతులు మారే చోట, బ్యాంకు కాగితాల దగ్గర, మీ అమ్మగారు పక్కన ఉంటే మంచిది. పొద్దున్నే కాలవగట్టు మీద అరగంట చురుగ్గా నడవమనండి.

మీకు 41. మీకు ఈ మెడ స్కాన్ అక్కర్లేదు. ఏ లక్షణమూ లేనివాళ్ళకు మెడ నాళాల పూడిక కోసం స్కాన్లు తీయొద్దని అమెరికా నివారణ వైద్య నిపుణుల బృందం 2021లో మళ్ళీ చెప్పింది. మందం కొలతను మామూలు పరీక్షగా వాడొద్దని అక్కడి గుండె వైద్య సంఘాలు 2013లోనే చెప్పాయి. మీరు, మీ అన్నయ్య బీపీ, షుగర్, చెడ్డ కొలెస్ట్రాల్ చూపించుకోండి. లాన్సెట్ బృందం 2024లో చెప్పిన 14 కారణాల్లో నడివయసులోని చెడ్డ కొలెస్ట్రాల్ కొత్తగా చేరింది, బీపీ మొదటినుంచీ ఉంది. ఆ నడివయసు ఇప్పుడు మీ ఇద్దరిదీ.

ఒక్కటి మాత్రం ఇంట్లో అందరికీ, కొట్టు కుర్రాడికి కూడా, చెప్పి ఉంచండి. ఉన్నట్టుండి మూతి ఒక పక్కకు వంకరపోయినా, ఒక చెయ్యి గాని కాలు గాని బలం తగ్గినా, మాట ముద్దగా వచ్చినా, ఒక కంటికి తెర దించినట్టు చూపు పోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. పది నిమిషాల్లో సర్దుకుపోయినా సరే వెళ్ళాల్సిందే. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా నాలుగున్నర గంటలే సమయం. అలాంటిది జరిగితే మెడ నాళం లెక్కే మారిపోతుంది, అప్పుడు పూడిక ఎక్కువుంటే ఆపరేషన్ నిజంగా ప్రాణం కాపాడుతుంది. జరగనంత వరకు స్టెంట్ మాట ఎత్తొద్దు.

డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు ఆయన వేసుకునే బిళ్ళలన్నీ, వేసుకోకుండా డబ్బాలో ఉంచినవి కూడా, ఒక సంచిలో వేసుకెళ్ళండి. బీపీ రాసిన పేజీ తీసుకెళ్ళండి. ఇంకొకటి, నేనైతే తప్పకుండా చూడాలనుకునేది, రెండేళ్ళ కిందటి చిట్టా పుస్తకం ఒకటి, ఈ నెలది ఒకటి. కొట్టివేతలు పెరిగాయా, అంకెలు వరస తప్పుతున్నాయా, రాత చిన్నదైందా అన్నది ఆ రెండు పుస్తకాలు పక్కపక్కన పెడితే ఏ స్కానూ చెప్పనంతగా తెలుస్తుంది. కాకపోతే ముందు ఆయన్ని అడిగి తీసుకోండమ్మా. ఎందుకు అడుగుతున్నారో కూడా ఉన్నదున్నట్టు చెప్పండి. బహుశా ఆయనకు ఆ తేడా మీకన్నా ముందే తెలిసి ఉంటుంది.